ఇంకో ఆర్మ్‌స్ట్రాంగ్

ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే మనకి చంద్రుడి మీద నడిచినాయన గుర్తొస్తాడు. క్రికెట్ కాకుండా వేరే ఆటలు కూడా చూసేవాళ్లకి సైకిల్ తొక్కినాయన గుర్తురావచ్చు. ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరో తెలుసా అని మా సీఎస్‌ఈ సెక్షన్‌లో అడిగితే ఒక్కరూ తెలుసనలేదు. ఈసీఈ వాళ్లలో ఇద్దరికి తెలుసు, అదీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా. కానీ మన తాతల నాటి వాల్వు రేడియో దగ్గర్నుంచి కారులో మోగే ఎఫ్‌ఎం దాకా, వాటిలో ఈయన బుర్రలో పుట్టింది ఏదో ఒకటి పనిచేస్తూనే ఉంది. ఆ మనిషి జీవితం చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. అందుకే ఈ సంచికకి కథ రాద్దామనుకున్నవాణ్ణి అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ల అమెరికా శాఖలో పెద్ద ఉద్యోగి. తల్లి ఎమిలీ పెళ్లికి ముందు టీచరు. చిన్నప్పుడే జబ్బు చేసి నరాల మీద పడింది. ఒళ్లు దానంతట అదే అదిరిపోయే జబ్బు. రెండేళ్లు బడి మాన్పించి ఇంట్లోనే చదివించారు. జబ్బు తగ్గింది గానీ, ఉద్వేగం కలిగితే భుజం, మెడ ఒక్కసారిగా కదిలిపోయే అలవాటు చచ్చేదాకా ఉండిపోయింది. రెండేళ్లు నలుగురి మధ్యా లేని పిల్లవాడు ఒంటరిగా పనిచేసుకోవడానికి అలవాటుపడ్డాడని చాలామంది రాశారు. నిజమే అయ్యుండొచ్చు.

తర్వాత కుటుంబం యాంకర్స్ అనే ఊరికి మారింది. ఇల్లు హడ్సన్ నది ఒడ్డున, ఎత్తు మీద. పై అటక ఇతని గది. కనిపెట్టినవాళ్ల కథల పుస్తకాలు నాన్న తెచ్చిస్తే, అందులో మార్కోనీ గురించి చదివి అప్పుడే తేల్చుకున్నాడు తనేం కావాలో. పెరట్లో 125 అడుగుల స్తంభం సొంతంగా నిలబెట్టాడు, ఏరియల్ కోసం. కుర్చీలాంటిది తాడుకి కట్టుకుని దానిపైకి వెళ్లి కూర్చునేవాడు. ఎత్తంటే భయం లేకపోవడం ఈ మనిషిలో మొదటి నుంచీ ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్లీ వస్తుంది.

1909లో కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. హాస్టల్ కాదు, డే స్కాలరు. నాన్న కొనిచ్చిన ఎర్ర ఇండియన్ మోటర్‌సైకిల్ మీద రోజూ వెళ్లొచ్చేవాడు. (ఇండియన్ అంటే మనది కాదు, అమెరికా కంపెనీ పేరే అది.) అక్కడ మైకేల్ ప్యూపిన్ అనే గొప్ప ప్రొఫెసర్ ఇతన్ని చేరదీశాడు.

ఆ రోజుల్లో లీ డి ఫారెస్ట్ అనే ఆయన కనిపెట్టిన ఆడియాన్ అనే వాల్వు ఉండేది. 1906 నుంచీ ఉంది, బలహీనమైన సిగ్నల్ని కాస్త పట్టుకుంటుంది. కానీ అది ఎందుకు పనిచేస్తుందో కనిపెట్టినాయన కూడా సరిగ్గా వివరించలేకపోయాడు. మన భాషలో చెప్పాలంటే కోడ్ రన్ అవుతోంది, ఎందుకు రన్ అవుతోందో మాత్రం రాసినవాడికే తెలీదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వాల్వుని కూర్చుని కొలిచాడు. ఎక్కడ ఎంత కరెంటు, ఎంత వోల్టేజీ అని ఓపిగ్గా. కొలిచాక ఒక ఆలోచన వచ్చింది. బయటికొచ్చిన సిగ్నల్లో కొంత తీసుకెళ్లి మళ్లీ లోపలికే ఇస్తే? అది ఇంకాస్త పెరిగి వస్తుంది, మళ్లీ ఇస్తే ఇంకా పెరుగుతుంది. ఇదే ఫీడ్‌బ్యాక్. 1912 సెప్టెంబర్‌లో ఒక రాత్రి అటక మీద ఇది పనిచేసింది. హెడ్‌ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంటే తప్ప వినపడని స్టేషన్లు ఇప్పుడు గదంతా వినపడ్డాయి. పడుకున్న చెల్లెలి గదిలోకి దూరి గెంతులేశాడట. ఇంకొంచెం ఎక్కువ ఫీడ్‌బ్యాక్ ఇస్తే వాల్వు తనంతట తనే ఊగడం మొదలుపెట్టి, తరంగాలు పుట్టించే ట్రాన్స్‌మిటర్ అయిపోయింది. ఒకే సర్క్యూట్, రెండు కొత్త వస్తువులు. వయసు 21.

పేటెంట్‌కి డబ్బు కావాలి. నాన్నని అడిగితే ముందు డిగ్రీ పూర్తి చెయ్యమన్నాడు. (ప్రపంచంలో నాన్నలందరూ ఒక్కటే.) ఒక మేనమామ మాత్రం, కనీసం బొమ్మ గీసి నోటరీ చేయించి పెట్టుకో అని సలహా ఇచ్చాడు. 1913 జనవరి 31న ఆ పని చేశాడు. అసలు దరఖాస్తు అక్టోబర్‌లో వెళ్లింది. అందులో రిసీవర్ గురించే ఉంది, తరంగాలు పుట్టించే సంగతికి వేరే దరఖాస్తు డిసెంబర్‌లో వేశాడు. ఈ నెలల తేడాలు ఎంత ఖరీదు చేస్తాయో అప్పటికి తెలియదు.

సరిగ్గా ఏడాది తర్వాత, 1914 జనవరి చివరి రాత్రుల్లో, అమెరికన్ మార్కోనీ కంపెనీలో పనిచేసే డేవిడ్ సార్నాఫ్ అనే కుర్రాడూ ఇతనూ న్యూజెర్సీ తీరాన బెల్మార్‌లో చలికి వణుకుతూ ఒక గుడిసెలో కూర్చుని తెల్లవార్లూ విన్నారు. ఐర్లాండ్ నుంచి, జర్మనీ నుంచి, హోనొలులూ నుంచి సిగ్నల్స్ వచ్చాయి. ఇద్దరికీ దాదాపు ఒకే వయసు. ఆ రాత్రితో ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయారు. సార్నాఫ్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సిగ్నల్ కోర్‌లో కెప్టెన్‌గా ప్యారిస్ పంపారు. 1918లో అక్కడ పుట్టింది సూపర్ హెటెరోడైన్. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నాకు ఈయన పరిచయమైంది ఇక్కడే.

మా ఈసీఈ ల్యాబ్‌లో ఒక షార్ట్‌వేవ్ రిసీవర్ ఉంది, ఐకామ్ కంపెనీది. వెనకాల కంప్యూటర్‌కి తగిలించుకునే సాకెట్ ఉంది. హ్యామ్‌లిబ్ అని ఉచితంగా దొరికే లైబ్రరీ ఒకటి ఉంది, దానితో రిగ్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం వస్తుంది. టెర్మినల్లో అది తెరిచి పెద్ద ఎఫ్ కొట్టి, ఖాళీ వదిలి 9600000 అని ఎంటర్ నొక్కితే, బల్ల మీద ఉన్న రిసీవర్ డిస్‌ప్లే దానంతట అదే 9.6 మెగాహెర్ట్జ్‌కి మారిపోతుంది. చిన్న ఎఫ్ కొడితే ఇప్పుడెక్కడున్నానో చెప్తుంది. పెద్ద ఎమ్ కొట్టి ఏఎం అంటే మోడ్ మారుతుంది. కేబుల్లో వెళ్లే బైట్లు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ముందు రెండు ఎఫ్‌ఈలు, చివర ఒక ఎఫ్‌డీ, మధ్యలో ఫ్రీక్వెన్సీ అంకెలు రెండేసి చొప్పున, తోక ముందుకి తిప్పి: 00 00 60 09 00. చిన్న షెల్ స్క్రిప్టు రాసి లూప్‌లో పెడితే 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్ దాకా, అంటే 31 మీటర్ల బ్యాండ్ మొత్తం, ఐదేసి చొప్పున అదే వెతుక్కుంటూ పోతుంది. ఎక్కడ సిగ్నల్ బలంగా ఉందో రాసిపెడుతుంది. మనం క్యాంటీన్‌కి వెళ్లి రావచ్చు.

నాకొచ్చిన డౌట్ ఏమిటంటే, ఒక్క నంబరు మారిస్తే అంత పెద్ద పెట్టె మొత్తం ఎలా మారిపోతోంది? లోపల ఎన్ని సర్క్యూట్లుండాలి, అన్నీ ఒకేసారి కొత్త ఫ్రీక్వెన్సీకి ఎలా సర్దుకుంటాయి? జవాబు: సర్దుకోవు. ఆ అవసరమే లేకుండా చేశాడు ఆర్మ్‌స్ట్రాంగ్.

యుద్ధకాలం నాటి వాల్వులు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర చేతులెత్తేసేవి, తక్కువ దగ్గర బాగా పెంచేవి. వాల్వుని ఆ ఎత్తుకి తీసుకెళ్లడం కుదరకపోతే సిగ్నల్నే కిందికి దింపుదాం అనుకున్నాడు. రిసీవర్ లోపలే ఒక చిన్న ఆసిలేటర్ పెట్టి, దాని తరంగాన్నీ బయట నుంచి వచ్చినదాన్నీ కలిపితే రెండింటి తేడా బయటికొస్తుంది. 9600 కిలోహెర్ట్జ్ స్టేషన్ కావాలా? ఆసిలేటర్‌ని 10055 దగ్గర పెట్టు. తేడా 455. ఇంకో స్టేషన్ కావాలా? ఆసిలేటర్ మార్చు, తేడా మళ్లీ 455. అసలు పని, అంటే పెంచడం, పక్క స్టేషన్లని వడకట్టడం, అంతా ఆ 455 దగ్గరే జరుగుతుంది. వడపోత ఒక్కసారి బాగా కడితే చాలు. మనవాళ్లయితే దీన్ని ఫంక్షన్ ఒక్కటే, పారామీటర్ మాత్రమే మారుతుంది అంటారు. 1924లో ఆర్‌సీఏ కంపెనీ దీంతో రేడియోలు అమ్మినప్పుడు, అంతకుముందు నాలుగైదు గుండ్రాలు తిప్పుతూ తంటాలు పడినవాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఇవాళ ఆ ఆసిలేటర్ స్థానంలో నంబరిస్తే ఫ్రీక్వెన్సీ తయారుచేసే చిప్ ఉంది, అంతే తేడా. కమాండ్ లైన్ నుంచి మనం మాట్లాడేది దానితోనే.

దీనికీ ఒక లోపముంది. 10510 దగ్గర స్టేషనున్నా తేడా 455యే కదా, అది కూడా దూరిపోవాలని చూస్తుంది. ఇమేజ్ అంటారు దాన్ని. ఇంకో న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో లూసియన్ లెవీ, జర్మనీలో వాల్టర్ షాట్కీ ఇంచుమించు అదే కాలంలో ఇదే ఆలోచన చేశారు. పేటెంట్ గొడవల్లో చాలా భాగం చివరికి లెవీ పక్షానికే పోయింది. కానీ పనిచేసే పెట్టెగా చేసి చూపించినవాడిగా ఇంజినీర్లు ఆర్మ్‌స్ట్రాంగ్ పేరే చెప్తారు.

షార్ట్‌వేవ్ వాళ్లకి నచ్చే ఇంకో ముచ్చట. అప్పట్లో 200 మీటర్ల చుట్టుపక్కల, అంతకన్నా పొట్టి తరంగాలు దూరం పోవు, ఎందుకూ పనికిరావు అని వాటిని అమెచ్యూర్లకి వదిలేశారు. 1921 డిసెంబర్‌లో అమెరికా అమెచ్యూర్లు పాల్ గాడ్లీ అనే ఆయన్ని ఓడెక్కించి స్కాట్లాండ్ పంపారు. ఆర్డ్రోసన్ దగ్గర సముద్రం ఒడ్డున డేరా వేసుకుని, వానలో, చలిలో, సూపర్ హెటెరోడైన్ రిసీవర్ ముందు కూర్చున్నాడు. ఇటు కనెక్టికట్‌లోని గ్రీనిచ్‌లో 1బీసీజీ అనే స్టేషన్ కట్టినవాళ్లలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. అటు వినిపించింది. పనికిరాదన్న తరంగం అట్లాంటిక్ దాటింది. మన తాతలు రాత్రిళ్లు రేడియో సిలోన్ పాటలు విన్న దారి అటునుంచే వచ్చింది.

డబ్బూ వచ్చింది. వెస్టింగ్‌హౌస్ రెండు పేటెంట్లకి 335,000 డాలర్లు ఇచ్చింది. 1922లో ఇంకో సర్క్యూట్‌కి ఆర్‌సీఏ 200,000 డాలర్లూ 60,000 షేర్లూ ఇచ్చింది. ఆ కంపెనీలో అంత షేర్లున్న వ్యక్తి ఇంకొకరు లేరు. అక్కడ పైకెదుగుతున్నవాడు మన సార్నాఫే. ఆయన సెక్రటరీ మారియన్ మెకినిస్. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమె వెంట పడ్డాడు. 1923 మేలో న్యూయార్క్‌లో ఎత్తైన భవనం మీదున్న ఆర్‌సీఏ టవర్ ఎక్కి, దాని కొసన ఉన్న గుండు మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. సార్నాఫ్ మండిపడి భవనం గుమ్మం తొక్కొద్దన్నాడు. మారియన్ మాత్రం ఆ డిసెంబర్‌లో పెళ్లి చేసుకుంది. పెళ్లి కానుకగా భర్త చేసిచ్చింది పెట్టెలా మోసుకెళ్లే సూపర్ హెటెరోడైన్ రేడియో. హనీమూన్ బీచ్‌లో ఇద్దరి మధ్యా అది పెట్టుకుని దిగిన ఫొటో చూడండి, ఎంత సంతోషంగా ఉన్నారో.

ఇక కోర్టులు. ఫీడ్‌బ్యాక్ తనే ముందు కనిపెట్టానని డి ఫారెస్ట్ దావా వేశాడు. 1912 ఆగస్టులో తన దగ్గర పనిచేసేవాడి నోటుపుస్తకంలో ఒక సర్క్యూట్ కూతపెట్టిందని రాసి ఉంది, అదే ఆధారం. ఆ కూతని అప్పుడు వాళ్లు రోగం అనుకుని వదిలించుకోవాలని చూశారు. మొదటి రౌండులో ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచాడు. డి ఫారెస్ట్ చేతిలో అప్పుడు డబ్బు లేదు. ఖర్చులు మాఫీ చేసి కేసు ముగించెయ్యమని లాయర్లు చెప్పారు. ఇతను వినలేదు. నాకు చదువుతున్నంతసేపూ ఇక్కడే చిరాకేసింది. ఆ ఒక్క చోట పట్టు సడలించి ఉంటే కథ వేరేలా ఉండేది. తలుపు తెరిచే ఉండిపోయింది. అవతలివాళ్లు మళ్లీ వచ్చారు. 1934 మేలో సుప్రీంకోర్టు డి ఫారెస్ట్‌కే అనుకూలంగా తీర్పిచ్చింది.

ఆ నెలలోనే ఫిలడెల్ఫియాలో రేడియో ఇంజినీర్ల మహాసభ. వాళ్ల సంఘం మొట్టమొదటి గౌరవ పతకం ఆర్మ్‌స్ట్రాంగ్‌కే ఇచ్చింది, ఈ ఫీడ్‌బ్యాక్‌కే. కోర్టు నాది కాదంది కాబట్టి వెనక్కిచ్చేద్దామని తీసుకెళ్లాడు. సంఘం తీసుకోలేదు. పతకం నీదేనని సభ ముందు తేల్చి చెప్పారు. వెయ్యి మంది దాకా ఇంజినీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జడ్జీలకి అర్థం కానిది వాళ్లకి అర్థమైంది. అయినా పేటెంట్ పోయిందిగా.

అప్పటికే ఇంకో పని పూర్తి చేశాడు. ఏఎంలో శబ్దం తరంగం ఎత్తులో దాక్కుంటుంది. ఉరుము, మెరుపు, మోటారు, అన్నీ ఆ ఎత్తునే చెడగొడతాయి, అందుకే ఆ గరగర. ఎత్తు కదలకుండా ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ ఊపితే? అది లాభం లేదని ఏటీ అండ్ టీలో జాన్ కార్సన్ 1922లోనే లెక్కలు కట్టి చెప్పాడు. ఆ లెక్క సన్నటి ఊపుకి సరైనదే. ఆర్మ్‌స్ట్రాంగ్ బాగా వెడల్పుగా ఊపాడు. గరగర మాయమైంది. 1933 డిసెంబర్ 26న ఎఫ్‌ఎం పేటెంట్లొచ్చాయి. 1935 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఇంజినీర్ల ముందు ప్రదర్శన. యాంకర్స్‌లో స్నేహితుడి స్టేషన్లో గ్లాసులోకి నీళ్లు పోస్తే, కాగితం నలిపితే, ఆ చప్పుళ్లు ఇక్కడ హాల్లో అచ్చంగా వినిపించాయి.

గరగర లేని రేడియో కావాలని ఒకప్పుడు అడిగినవాడు సార్నాఫే. ఎంపైర్ స్టేట్ భవనం మీద ప్రయోగాలకి చోటిచ్చిందీ ఆయనే. 1935లో టీవీ పనులున్నాయి, సామాను తీసెయ్యమన్నదీ ఆయనే. ఆర్‌సీఏ డబ్బంతా ఏఎంలో ఉంది, రేపటి డబ్బు టీవీలో. ఎఫ్‌ఎం మధ్యలో అడ్డం. సార్నాఫ్ చెడ్డవాడని ఒక్క మాటలో అనెయ్యడం నాకిష్టం లేదు. కంపెనీ కుర్చీలో కూర్చున్నాక స్నేహితుడు ఏమవుతాడో అదే అయ్యాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత డబ్బుతో న్యూజెర్సీలో ఆల్పైన్ అనే చోట 400 అడుగుల పైన టవర్ కట్టి సొంత ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టాడు. 1940లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లు ఇస్తానంది. మిగతావాళ్లందరిలాగే రాయల్టీ కట్టండి, మీకు వేరే లెక్క లేదు అన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో మాత్రం సైన్యం తన పేటెంట్లు ఉచితంగా వాడుకోవచ్చన్నాడు. యుద్ధం ముగిసే వేళకి, 1945లో, ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌ఎంని 42-50 మెగాహెర్ట్జ్ నుంచి తీసి 88 పైకి తోసేసింది. ఒక్క సంతకంతో అప్పటిదాకా జనం కొన్న సెట్లన్నీ డబ్బాలయ్యాయి. హైదరాబాద్‌లో మనం 98.3 అని పెట్టుకునే మిర్చి ఆ కొత్త ఇంట్లోనే ఉంది.

ఆర్‌సీఏ రాయల్టీ కట్టలేదు. టీవీల్లో ధ్వని ఎఫ్‌ఎంలోనే వచ్చేది, దానికీ కట్టలేదు. 1948లో కోర్టుకెక్కాడు. వాళ్ల లాయర్లు ఇతన్నే ఏడాది పాటు ప్రశ్నలడిగారు. కంపెనీకి తొందర లేదు, మనిషికి వయసు ఆగదు. 1950లో మొదటి పేటెంట్ల గడువు తీరింది. డబ్బు కరిగిపోయింది. ముసలితనానికని మారియన్ పేరున పెట్టిన డబ్బు కూడా అడిగాడు. 1953 నవంబర్‌లో పండగ రోజున దాని మీదే గొడవ. కోపంలో పొయ్యి కెలికే ఇనుప ఊచతో ఆమె చేతి మీద కొట్టాడు. ముప్ఫై ఏళ్ల కాపురం. ఆమె అక్కాచెల్లెళ్ల ఇంటికి వెళ్లిపోయింది. ఇంత గొప్పవాడు కాబట్టి ఇది వదిలేద్దామని నాకనిపించలేదు, అందుకే రాశాను. ఆమె వెళ్లడం సరైనదే.

1954 జనవరి 31 రాత్రి భార్యకి రెండు పేజీల ఉత్తరం రాసి, క్షమించమని అడిగి, ప్రాణం తీసుకున్నాడు. నోటరీ ముందు సంతకం చేసిన రోజుకి సరిగ్గా 41 ఏళ్లు. కావాలనే ఆ తేదీ పెట్టుకున్నాడా అన్నది నేను ఊహించదల్చుకోలేదు. ఎత్తంటే భయం లేని మనిషికి న్యూయార్క్‌లో ఆ రాత్రి తలుపు తట్టేవాళ్లు ఒక్కరూ లేకపోయారు, నాకు బాధేసేది అదొక్కటే.

మారియన్ కేసులు వదల్లేదు. ఆ ఏడాది చివర్లోనే ఆర్‌సీఏ పది లక్షల డాలర్లకి కొంచెం పైన ఇచ్చి రాజీపడింది. 1940లో ఇస్తానన్న మొత్తానికి ఇంచుమించు సమానం. ఆ డబ్బుతో ఆమె మిగతా కంపెనీల మీద పోరాడింది. ఒక్కొక్కరే కట్టారు. ఆఖరిది మోటరోలా, 1967లో. అన్నీ గెలిచింది. డి ఫారెస్ట్ మీద భర్త పోరాడిన కాలానికి ఇంచుమించు దగ్గరగా ఆమె కూడా కోర్టుల చుట్టూ తిరిగింది, కాకపోతే గెలుస్తూ తిరిగింది. నాకైతే ఈ కథలో అందరికంటే ఓపిక ఉన్న మనిషి ఆమే.

ఆల్పైన్ టవర్ ఇప్పటికీ ఉంది. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలి, దాని పైనున్న యాంటెన్నాలతో పాటు న్యూయార్క్ టీవీ స్టేషన్లు మూగబోయినప్పుడు, వాటిలో కొన్ని కొన్నాళ్లపాటు ఆ టవర్ మీద నుంచే ప్రసారం చేశాయి.